తట్టితే వదిలేయాలి

నాకు అన్నిటికంటే భయం, మా పాప ఇక చెయ్యి తట్టదేమోనని. ఇలా చెబితే మీకేం అర్థం కాదు. నాకే సరిగ్గా అర్థం కావట్లేదు. మొదటినుంచీ చెప్తాను.

నేను ఒక హాల్లో మ్యాట్లు తుడుస్తాను. దేశదేశాల పోరాటాలు నేర్పే హాలు అది. పొద్దున్నే పెద్దవాళ్లు తైచీ చేస్తారు, నీళ్లలో నడుస్తున్నట్టు, గాలిని మెల్లగా పక్కకి తోస్తూ. వాళ్లు వెళ్లాక కరాటే పిల్లలు. వాళ్ల అరుపులకి అద్దాలు అదురుతాయి. తైక్వాండో వాళ్లకి పనంతా కాళ్లతోనే. సాయంత్రం జూడో. వాళ్లు కొట్టుకోరు, కాలర్లు పట్టుకుని ఒకరినొకరు పడేసుకుని, లేవకుండా అదిమిపెడతారు. క్లాసుకీ క్లాసుకీ మధ్య నేను బకెట్టూ గుడ్డా పట్టుకుని వాళ్ల చెమట తుడవాలి. మా పాప గోడవారన కూర్చుని తన బొమ్మని పడేస్తూ, లేపుతూ ఉంటుంది. తొమ్మిదో తరగతిలో నా చదువు మాన్పించి పెళ్లి చేశారు. ఆ తర్వాత నేను కూర్చుని చూసిన పాఠాలంటే ఇవే.

"ఆడపిల్లలు కాళ్లెగరేసే చోట నీకేం పనే? తుడవాలని అంత ముచ్చటగా ఉంటే ఇంట్లో నేల లేదూ?" అనేది మా అత్తయ్య. మా ఆయన నవ్వేవాడు. "పోనీలేమ్మా, నాలుగు పట్లు నేర్చుకుని రానీ. నాకూ కాలక్షేపం."

కొత్తలో ఒక పొరపాటు చేశాను. కింద అదిమిపెట్టిన పిల్ల చేత్తో మ్యాట్‌ని తట్టడం, పైనున్న పిల్ల ఠక్కున వదిలేయడం రోజూ చూస్తున్నాను కదా. ఒకరోజు ఒక పిల్ల పడుతూనే మ్యాట్‌ని గట్టిగా చరిచింది. రెండోది వదల్లేదు. నేను తడిగుడ్డతోనే పరిగెత్తాను. "తట్టింది కదమ్మా, వదలవేం!" హాలంతా గొల్లున నవ్వారు. జూడో నేర్పే టీచరమ్మ మాత్రం నవ్వకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పడేటప్పుడు చరుస్తాం, దెబ్బ ఒంట్లోకి దిగకుండా. అది వేరు. ఊపిరాడకపోతే, నొప్పి పుడితే తడతాం, టపటపా. తట్టగానే వదిలేయాలి. ఎందుకని అడగకూడదు."

"అన్ని పోరాటాల్లోనూ అంతేనా అండీ?"

"దెబ్బలు వేరు, పేర్లు వేరు. చాలన్నవాళ్లని వదిలేయడం మాత్రం నేను నేర్చుకున్న చోటల్లా ఉంది."

అప్పట్నుంచి నాకు తికమక మొదలైంది. మా ఆయన కొట్టడు. "నేనెప్పుడైనా చెయ్యెత్తానా?" అని చుట్టాలందరి ముందూ అడుగుతాడు, లేదని నేనే చెప్తాను. నిజం. మణికట్టు పట్టుకుంటాడంతే. కూరలో ఉప్పు తగ్గినా, ఫోను తీయడం ఆలస్యమైనా పట్టుకుని, మెల్లగా, నవ్వుతూ మాట్లాడతాడు, నేను "సరే" అనేదాకా. ఇది ఏ దేశం పద్ధతి? అంత మెల్లగా ఉంటుంది కాబట్టి తైచీనా? వదలడు కాబట్టి జూడోనా? కానీ జూడోలో ముందు ఒకరికొకరు వంగి దండం పెట్టుకుంటారు. ఇప్పుడు మొదలవుతుందని ఇద్దరికీ తెలుస్తుంది. మా ఇంట్లో ఎప్పుడు మొదలవుతుందో ఒక్కరికే తెలుసు. గుడ్డ పిండుతూ ఇదే ఆలోచన. అసలు ఇది పోరాటమేనా, నేనే పెద్దది చేసుకుంటున్నానా?

మొన్న పాప పాలు తాగనంది. వాళ్ల నాన్న దాని చిన్న చేతిని బల్లకి నొక్కి పట్టుకున్నాడు. "తాగితేనే వదుల్తా." పాప రెండో చేత్తో బల్ల మీద తట్టింది. తట్టి నావైపు చూసి నవ్వింది కూడా, ఇక వదిలేస్తాడన్న ధీమాతో.

"ఏంటే ఇది, తబలానా?"

"తట్టాను నాన్నా. వదలాలి."

"అది హాల్లో. ఇది ఇల్లు."

పాప మళ్లీ తట్టింది. తర్వాత మెల్లగా. తర్వాత తట్టలేదు. ఆ చెయ్యి పిండి ఆరేసిన గుడ్డలా బల్ల మీద ఉండిపోయింది. నావైపు కూడా చూడలేదు.

అయినా చప్పుడు ఆగలేదు. టపటపా. వంటింట్లోంచి. వెళ్లి చూస్తే మా అత్తయ్య పొయ్యి ముందు నిలబడి ఉంది, అటు తిరిగి. వేళ్లు గట్టు మీద తడుతున్నాయి. కాపురానికి వచ్చినప్పట్నుంచీ వింటున్నాను ఆ చప్పుడు. కొడుకు గొంతు మెత్తబడితే చాలు, మొదలవుతుంది. మామయ్య బతికున్న రోజుల్లో గుమ్మంలో ఆయన చెప్పుల చప్పుడు వినపడినా అంతే. వెధవ అలవాటని విసుక్కున్నాను కూడా. ఆవిడ ఎడమ మణికట్టు పూర్తిగా వంగదు. జారిపడ్డానంటుంది. ఎన్నేళ్లుగా తడుతోందో. ఎవరు వదిలారు?

వెనక్కి వచ్చాను. నాకు బలం లేదు, కానీ పట్టు ఎక్కడ ఊడుతుందో చూసి చూసి తెలుసు. పాప చేతిని ఆయన బొటనవేలి వైపు తిప్పి లాగాను. వచ్చేసింది.

"ఓహో, పహిల్వాన్‌వి అయ్యావే!" అన్నాడు. మొహంలో నవ్వు మాత్రం లేదు.

పాపని ఎత్తుకున్నాను. గుమ్మం దగ్గర "మీరూ రండత్తయ్యా" అన్నాను.

"నేనొస్తే వాడికి అన్నం ఎవరు పెడతారే? నాకేం, బాగానే ఉన్నా. నువ్వు వెళ్లు." అలా అంటూనే తలుపు చెక్కని తడుతూ ఉంది.

ఇప్పుడు మేము హాలు వెనక, మ్యాట్లు పెట్టే గదిలో ఉంటున్నాం. టీచరమ్మ తాళంచెవి ఇచ్చింది, ఏమీ అడగలేదు. ఆయన ఫోన్ చేస్తాడు. "కొట్టానా? ఏం చేశానని వెళ్లావ్?" పాపని కావాలనే కాస్త గట్టిగా కౌగిలించుకుని ఎదురుచూస్తాను. ఇంకా తట్టలేదు. తట్టేదాకా ఆ ఇంటికి పోను. తట్టాక కూడా పోననుకుంటా.

నేను ఆ వీధిలోకి వెళ్లలేను. మీరు వెళ్లగలరు. మందుల షాపు పక్క సందులో ఆకుపచ్చ తలుపు. ఆయన పనికి వెళ్లాక, మంచినీళ్లు కావాలనో, అడ్రసు తెలియలేదనో ఒక్కసారి తలుపు కొట్టండి. మా అత్తయ్యే తీస్తుంది. ఎలా ఉన్నారంటే బాగున్నాననే చెప్తుంది. అప్పుడు ఆవిడ మొహం వైపు చూడకండి. చేతి వైపు చూడండి.