దిగుతవా, దింపాల్నా?

మేబెల్ పాటను ఎఫ్ఎం రేడియో ఒక్కసారి కూడా వేయలేదు. అయినా 2009 వానాకాలానికల్లా సికింద్రాబాద్ సిటీ బస్సుల్లో తిరిగే ఆడపిల్లల్లో ఆ పాట తెలియనివాళ్లు అరుదు. ఫోన్ నుంచి ఫోన్‌కి బ్లూటూత్‌లో పాకిపోయింది.

మేబెల్ వాళ్లది మారేడ్‌పల్లి. తండ్రి ప్రభుదాస్ బాపట్ల నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. మేబెల్ చిన్నప్పటి నుంచీ క్వయర్‌లో పాడింది. డిగ్రీలో ఉండగా బోయిగూడ నుంచి వచ్చే హనీఫా స్నేహితురాలైంది. హనీఫాకు కంప్యూటర్ మీద దరువులు కట్టడం సరదా. ఇద్దరూ కలిసి ర్యాప్ మొదలుపెట్టారు. బస్సులో ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ల మీద మేబెల్ మొదట పుస్తకాల తెలుగులో, శ్రావ్యంగా పాడింది. హనీఫాకు అది నచ్చలేదు. "గిట్ల మెత్తగ పాడితె ఎవడు దిగుతడే? బస్సుల ఎట్ల తిడ్తవో గట్లనే పాడు" అంది.

మేబెల్ అలాగే రాసింది.

"జాగ ఉంది గద, జెర జరుగు అన్నా,
చెయ్యి నీదే గద, జేబుల పెట్టుకో అన్నా.
బస్సు నీ అయ్యది కాదు, ఒళ్లు నీ సొత్తు కాదు,
దిగుతవా? దింపాల్నా?"

కాలేజీ పండుగలో పాడిన రోజు ఆడపిల్లలు బెంచీలెక్కి గొంతు కలిపారు. మగపిల్లల్లో సగంమంది బయటికి వెళ్లిపోయారు. ఒక పత్రిక ఈమెది పాట కాదు, వీధి తగాదా అని రాసింది. ఎఫ్ఎం వాళ్లు పిలిచి, 'అయ్య' అనే మాట తీసేస్తే వేస్తామన్నారు. తీయనంది. మగవాళ్లందరినీ ఒకే గాట కట్టిందని కొందరు, పరువైన ఇంటి పిల్ల నోట ఈ మాటలేమిటని కొందరు తిట్టారు. తిట్టినకొద్దీ పాట పాకింది.

రెండో పాటతో గొడవ ఇంటికే వచ్చింది. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఏ బట్టలు వేసుకున్నారు అని లెక్కపెట్టే చర్చి పెద్దల మీద రాసింది. అందులో ఒకచోట, ప్రకటనలు చదివే పేతురు నత్తిని అనుకరించింది. విన్నవాళ్లందరూ ఆ ముక్క దగ్గరే నవ్వారు. ఆ తర్వాత పేతురు ప్రకటనలు చదవడం మానేశాడు. కమిటీ మేబెల్‌ను క్వయర్ నుంచి తీసేసింది. రెండు పాటలకూ సంఘం ముందు క్షమాపణ చెప్పాలంది. ప్రభుదాస్ భోజనం దగ్గర తలెత్తకుండానే, "నా ముఖం చూసి ఒక్క మాట చెప్పెయ్యమ్మా" అన్నాడు. సరేనంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ పిలిచాడు. మేబెల్ ముందుకు వచ్చి, పాస్టర్ వైపు కాకుండా పేతురు వైపు తిరిగింది.

"అంకుల్, మీ మాటను నవ్వులపాలు చేసిన. అది తప్పే. ఆ లైను ఇగ ఎక్కడా పాడ. మీరు మళ్లీ చదవాలె." తర్వాత పాస్టర్ వైపు తిరిగింది. "బస్సు పాటకు మాత్రం సారీ చెప్ప."

పెద్దలు గుసగుసలాడారు. కూర్చోమని ఒకాయన చేత్తో సైగ చేశాడు. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి డోరా టీచర్ లేచింది. ఆ సంఘంలో సగంమందికి అక్షరాలు నేర్పిన మనిషి, రిటైరై చాలాకాలమైంది. చేతిసంచీలో వెతికి, ఒక పిన్నీసు తీసి అందరికీ కనపడేలా పట్టుకుంది.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సులోనే తిరిగాను. ఇది లేకుండా ఎక్కలేదు. ఎందుకో మా ఆయనకు కూడా చెప్పలేదు. పిల్ల చెప్పింది. మీకు మాటలే వినపడ్డాయా?"

వెనక వరసలో ఇంకొకామె లేచి నిలబడింది. ఆమె పక్కన ఆమె కోడలు. కాసేపటికి ఆ వైపు కూర్చున్నవాళ్లు తక్కువ, నిలబడ్డవాళ్లు ఎక్కువ అయ్యారు. పాస్టర్ దీవెన చెప్పి అందరినీ పంపేశాడు.

ప్రభుదాస్ కూతురితో కలిసి ఇంటికి నడిచాడు. వీధి మలుపులో ఆగి అడిగాడు.

"నీకు కూడా జరిగిందా అమ్మా?"

"ఇంటర్ నుంచి జరుగుతనే ఉంది, డాడీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన గద. పాటల."

ఆయన అక్కడే పక్కనున్న అరుగు మీద కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుంది. దారినపోయే తెలిసినవాళ్లు పలకరించినా ఆయనకు వినపడలేదు.

మేబెల్‌ను క్వయర్‌లోకి తిరిగి తీసుకోలేదు, ఆమె అడగనూ లేదు. పేతురు మాత్రం నెల తిరగకముందే ప్రకటనలు చదవడం మొదలుపెట్టాడు. వరంగల్, ఖమ్మం, విజయవాడ కాలేజీలు ఆమెను పిలిచాయి. కొన్నిచోట్ల ప్రిన్సిపాళ్లు కరెంటు తీయించారు. హనీఫా బల్ల మీద దరువు వేస్తే అలాగే పాడింది. ప్రభుదాస్ వీలైనప్పుడల్లా వెంట వెళ్లి హాలు వెనక నిలబడేవాడు. ఆ 'అయ్య' మాట మాత్రం ఆయనకు చివరిదాకా మింగుడుపడలేదు.

పాట కన్నా దాని ఆఖరి ముక్క ఎక్కువ దూరం వెళ్లింది. బస్సులో ఒక పిల్ల "దిగుతవా?" అంటే, ముఖపరిచయం లేని పదిమంది "దింపాల్నా?" అనేవారు. చెయ్యి వేసినవాడు తర్వాతి స్టాపులో దిగి నడిచిపోయేవాడు.

2013లో అల్వాల్‌లో అమ్మాయిల ర్యాప్ పోటీ పెట్టి మేబెల్‌ను జడ్జిగా పిలిచారు. లీలాకుమారి అనే ఇంటర్ పిల్ల మైకు అందుకుని నేరుగా ఆమె మీదే పాడింది. అక్కా, బస్సు దిగు, ఒక్క పాట మీద ఎన్ని ఏళ్లు బతుకుతవ్, ఇంట్ల కొట్టేటోని మీద ఎప్పుడు రాస్తవ్ అని ముఖం మీదే అడిగింది. నిర్వాహకులు కంగారుపడి మైకు ఆపబోయారు. మేబెల్ వద్దని చెయ్యెత్తి, పాట పూర్తయ్యేదాకా విని, అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి ఆ పిల్లకే ఇచ్చింది.

"మంచిగ తిట్టినవ్" అంది, కప్పు చేతికిస్తూ. "ఇంట్ల కొట్టేటోని పాట నువ్వే రాయి. దరువు హనీఫా కడ్తది."