అరువిచ్చిన అమ్మమ్మ

ఏటి ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు కార్లనూ మనుషులనూ దాటించే సర్కారు పంటులు మొత్తం నాలుగు. కాగితాల మీద వాటికి నంబర్లున్నాయి గానీ, ఆ నంబర్లు పలికిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ అవి పెద్దది, నడిపిది, చిన్నది. నాలుగోది అమ్మమ్మ. మొదటి మూడూ పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా తిరుగుతూనే ఉంటాయి. అమ్మమ్మ మాత్రం తిరగదు. ఆ మూడింట్లో ఏదైనా మూలపడితే దాని బదులు దిగాలని, మరమ్మతుల రేవులో ఒక పక్కన తాళ్లతో కట్టి ఉంచారు.

అమ్మమ్మను చూసుకునే మనిషిని రేవులో అందరూ మేస్త్రమ్మ అంటారు. ఇరవై రెండేళ్ల క్రితం పనిలో చేరిన మొదటి రోజు ఆవిడ దిగింది అమ్మమ్మ ఇంజను గదిలోకే. చేతికి మొదటిసారి నూనె అంటిందీ, మొదటిసారి వేలు నలిగిందీ అక్కడే. ఇప్పుడు నట్టును చూడగానే దానికి ఏ స్పానరు పడుతుందో చెప్పేస్తుంది. అంత పనిమంతురాలిలో ఒక్కటే లోపం, కాదనడం రాదు. ఎవరైనా మొహం కాస్త దీనంగా పెడితే చాలు, అడిగింది ఇచ్చేస్తుంది. అత్తగారు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఈ సంగతి చెబుతుంది. తన కోడలిది ఎముక లేని చెయ్యి అనీ, తమ ఇంటి నిచ్చెన ఎక్కడుందో తమకు తెలీదు గానీ వీధిలో వాళ్లందరికీ తెలుసనీ.

చెయ్యి ఇంట్లో ఒకలా రేవులో ఒకలా ఉండదు కదా. పెద్దదానికి స్టార్టరు మోటరు కాలిపోయిందనుకోండి. కొత్తది కావాలంటే పై ఆఫీసుకు రాయాలి, వాళ్లు ఇంకో పై ఆఫీసుకు రాయాలి, ఆ మోటరు వచ్చేసరికి అడిగినవాడు రిటైరైపోతాడు. ఈలోగా పంటు ఆగితే జనం ఊరుకుంటారా? అమ్మమ్మ ఖాళీగానే ఉంది. దాని స్టార్టరు విప్పుకుని, విప్పిన చోట ఒక చీటీ కట్టి పోవడమే. ఏం తీసుకున్నారు, ఏ పంటు కోసం, ఏ తేదీన, కింద సంతకం. వచ్చే వారం తెచ్చి పెట్టేస్తామని ప్రతివాడూ చెప్పేవాడు. పాడైన పాత మోటరు కొన్నాళ్లకు బాగై వచ్చి స్టోరులో కూర్చునేది. నడుస్తున్నదాన్ని మళ్లీ కదిలించడం దేనికని ఎవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. బ్యాటరీలు పోయాయి, రేడియో పోయింది, కార్లు ఎక్కే వాలుపలకను ఎత్తే మోటరు పోయింది. పంటు నడిపే సరంగు కూర్చునే కుర్చీ కూడా పోయింది, చిన్నదాని సరంగుకు నడుం నొప్పని. ఇంజను గది తలుపు తీస్తే చాలు, గాలికి చీటీలన్నీ ఒక్కసారిగా రెపరెపలాడేవి. ఇంత జరుగుతున్నా ప్రతి సోమవారం రిజిస్టరులో మేస్త్రమ్మ 'వాడకానికి సిద్ధం' అని రాసి సంతకం పెట్టేది. అబద్ధం రాస్తున్నానని ఆవిడకు ఏనాడూ అనిపించలేదు. సామానంతా కళ్లెదుటే ఏట్లో తిరుగుతోంది, కావాలంటే తెచ్చుకోవడం ఎంత సేపు అనుకునేది.

ఇలా సాఫీగా పోతున్న బతుకులోకి కొత్త మేనేజరమ్మ వచ్చింది. వచ్చిన నెలకే పాత లెక్కలన్నీ తిరగేసి, నాలుగేళ్లలో ఒక్క ట్రిప్పు కూడా వేయని పంటు మనకెందుకంది. పంటు ఒకటి మరమ్మతుకు పోయినప్పుడల్లా మిగతా రెండూ ఎలాగో సర్దుకున్నాయి తప్ప అమ్మమ్మను పిలిచినవాళ్లు లేరు, నిజమే. నెలాఖరుకు తుక్కు కింద అమ్మేయమని కాగితం తయారైంది. మేస్త్రమ్మ వెళ్లి బతిమాలింది. మేనేజరమ్మ కోపంగా ఏమీ మాట్లాడలేదు. అవసరం పడ్డ రోజున పనికొస్తే ఉంచుతాననీ, రాకపోతే తీసేస్తాననీ ఒక్క ముక్కలో తేల్చేసింది. మేస్త్రమ్మకు మూడు రోజులు అన్నం సయించలేదు. అమ్మమ్మను ముక్కలు కోసి లారీల్లో వేస్తారన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా వెళ్లి దాని తాళ్లు సరిచూసుకునేది.

ఆ అవసరం నాలుగో రోజు పొద్దున్నే పడింది. నడిపిది అప్పటికే రంగు వేయించుకోవడానికి గట్టెక్కి కూర్చుంది. ఏడున్నరకు పెద్దదాని గేర్‌బాక్సు ఏటి మధ్యలో పెద్ద చప్పుడు చేసి ఊరుకుంది. చిన్నది వెళ్లి దాన్ని లాక్కొచ్చి మరమ్మతుల రేవులో వదిలి, మళ్లీ పరుగున పనిలోకి పోయింది. ఒక్క పంటు ఎంతమందినని మోస్తుంది? ఎనిమిదయ్యేసరికి కార్ల వరస బడి మలుపు దాకా సాగింది, హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి.

మేనేజరమ్మ ఫోను చేసింది. పన్నెండు గంటల ట్రిప్పుకు అమ్మమ్మ రేవులో ఉండాలంది. "మొన్న సోమవారం కూడా సిద్ధమని రాశారు కదా" అని గుర్తుచేసింది. మేస్త్రమ్మ సరేనండి అని ఫోను పెట్టేసి, ఇంజను గదిలోకి దిగి చీటీలు లెక్కపెట్టింది. ముప్పై ఏడు.

ఇంతలో పెద్దదాని ఇంజనీరు మీసాలాయన మెట్లు దిగి వచ్చాడు. ఆ చీటీల్లో సగం సంతకాలు ఆయనవే. ఇన్నాళ్లూ దర్జాగా మెలేసిన మీసాలు ఆ పూట కిందికి దిగిపోయి ఉన్నాయి. ఏ మొహం పెట్టుకుని వచ్చావని మేస్త్రమ్మ అడగలేదు, అలా అడగడం ఆవిడకు చేతనైతే ఇంత దూరం వచ్చేదే కాదు. పెద్దది ఎలాగూ కదలదు కాబట్టి దాని మీదున్న అమ్మమ్మ సామానంతా విప్పుకొస్తానని ఆయనే అన్నాడు. నడిపిది కూడా గట్టు మీదే ఉంది, దాన్నీ విప్పొచ్చు. ఇక చూడాలి ఆ సంబడం. బ్యాటరీలు ఇద్దరు, వాలుపలక మోటరు నలుగురు, నీళ్ల గొట్టాలు భుజాన ఒకరు, రేడియోను చంటిబిడ్డలా ఎత్తుకుని ఇంకొకరు. అమ్మమ్మగారింటి నుంచి ఎత్తుకుపోయిన సామానంతా మనవలు వరసగా తిరిగి మోసుకొస్తున్నట్టుంది. మేస్త్రమ్మ ఒక్కొక్కటీ బిగిస్తూ దాని చీటీ విప్పి జేబులో వేసుకుంటోంది. పదింటికల్లా ఇరవై తొమ్మిది చీటీలు జేబులోకి వచ్చేశాయి.

మిగిలిన ఎనిమిదీ చిన్నదాని మీద ఉన్నాయి. చిన్నదాన్ని ముట్టుకుంటే ఉన్న ఒక్క పంటూ ఆగుతుంది. కుర్చీ లేకపోతే సరంగు నిలబడి నడుపుతాడు, కొక్కేలకు బదులు తాళ్లు కట్టుకోవచ్చు. అలా ఏడు చీటీలకు ఏదో ఒక ఉపాయం దొరికింది. దొరకనిది ఒక్కటి, ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపు. అది లేకుండా పావుగంట తిరిగితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. చిన్నదాని అసలు పంపు బాగై వచ్చి ఎనిమిది నెలలుగా స్టోరులో అరమీద నిద్రపోతోంది. అమ్మమ్మకూ చిన్నదానికీ ఒకే సైజు.

కానీ స్టోరు బాబాయి ఉన్నాడే, ఆయన పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. ఆ పంపు చిన్నదాని పేరున ఉంది కాబట్టి చిన్నదానికే ఇస్తాననీ, అమ్మమ్మకు కావాలంటే ఎందుకో రాసి మేనేజరు సంతకం తెమ్మనీ ససేమిరా అన్నాడు. ఎందుకో రాయడమంటే నాలుగేళ్ల బండారం మొత్తం రాయడమే.

మీసాలాయన మేస్త్రమ్మను పక్కకు తీసుకెళ్లి ఉపాయం చెప్పాడు. చిన్నదానికి పంపు పోయిందని దాని ఇంజనీరుతో ఒక ఫారం మీద సంతకం పెట్టిస్తే సరిపోతుంది. పంపు బయటికొస్తుంది, అమ్మమ్మ నడుస్తుంది, పైవాళ్లకు ఏమీ తెలీదు. ఇద్దరి ఉద్యోగాలూ పదిలం. ఆయన మొహం చాలా దీనంగా ఉంది.

మేస్త్రమ్మకు నోట్లో సరే అన్న మాట తయారుగానే ఉంది. అలవాటైన మాట, దానంతట అదే వచ్చేస్తుంది. ఫారం మీద ఎవరో సంతకం పెడతారు, దాన్ని కప్పిపుచ్చడానికి రేపు ఇంకో దొంగ సంతకం పెట్టాలి. అమ్మమ్మ పని చేసినా దొంగలా పని చేసినట్టు ఉంటుంది. దాన్ని బతికించుకోవాలనుకుంటూ ఇలా దొడ్డిదారిన నడిపిస్తానా అనుకుంది.

"వద్దు," అంది. మీసాలాయనకు సరిగ్గా అర్థం కాలేదేమోనని ఇంకోసారి చెప్పింది. "నేను చెయ్యను అన్నయ్యా. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

ఇరవై రెండేళ్లలో ఆవిడ నోటి వెంట ఆ మాట రావడం ఎవరూ విని ఉండరు. మేస్త్రమ్మ నూనె చేతులు తుడుచుకోకుండానే ఆఫీసు మెట్లెక్కింది.

మేనేజరమ్మ ఎదుటికి వెళ్లి నిలబడింది. "అమ్మమ్మ ఇవాళ పొద్దున సిద్ధంగా లేదండీ. నాలుగేళ్లుగా లేదు. సిద్ధమని రాసింది నేనే" అంది. సామాను సంగతి, చీటీల సంగతి, పంపు సంగతి అన్నీ చెప్పేసింది. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేదు. మేనేజరమ్మ అంతా విని గడియారం చూసింది. పదీ ఇరవై. కాగితం మీద సంతకం పెట్టి, పంపు తీసుకుని పని చూడమనీ, సాయంత్రం ఆ చీటీలన్నీ పట్టుకుని రమ్మనీ పంపేసింది.

పన్నెండూ పదికి అమ్మమ్మ ఇంజను దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ ఒక మబ్బంత వదిలింది, ఆ తరవాత అందుకుంది. ఆ చప్పుడు వినగానే మేస్త్రమ్మకు ఒళ్లంతా సంతోషం పాకింది. దాచుకోవడం తెలియని మనిషి, ఇంజనుకు చెయ్యి ఆనించి పకపకా నవ్వేసింది. మొదటి ట్రిప్పుకు ఇరవై నాలుగు కార్లెక్కాయి. సరంగు నిలబడే నడిపాడు, ఇలా అయితేనే ఏరు బాగా కనబడుతోందన్నాడు. సాయంత్రం ఆరు దాకా పదకొండు ట్రిప్పులు. మేస్త్రమ్మ ఇంజను గదిలోంచి బయటికి రాలేదు. నాలుగింటికల్లా బడి మలుపు దగ్గర వరస కనబడకుండా పోయింది.

ఆరున్నరకు చీటీలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. మేనేజరమ్మ వాటిని తేదీల వారీగా బల్ల మీద పరిచి, పక్కన పంటులు ఆగిన రోజుల రిజిస్టరు పెట్టుకుని చాలా సేపు చూసింది. నాలుగేళ్లలో మూడు పంటులూ కలిపి అనుకోకుండా ఆగింది తొమ్మిదే తొమ్మిది రోజులు. ఇంత పాత పంటులు ఇంత తక్కువ ఎలా ఆగాయో ఇన్నాళ్లూ తనకు అంతుపట్టలేదంది. అంటూనే, ఈ అమ్మమ్మ నాలుగేళ్లు కదల్లేదని తాను కాగితంలో రాశానంది.

"ఎందుకు కదల్లేదండీ," అంది మేస్త్రమ్మ. "రోజూ తిరిగింది. ఆ మూడింట్లో ఉండి తిరిగింది."

మేనేజరమ్మ చీటీలను దొంతరగా పేర్చి మూడు విషయాలు చెప్పింది. తప్పుడు రాతలు రాసినందుకు మేస్త్రమ్మకు మెమో వస్తుంది, దానికి జవాబు రాసుకోవాలి. తుక్కు కాగితం రద్దు. పెద్దదాని గేర్‌బాక్సు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, రేపు పొద్దున నుంచి అమ్మమ్మ రోజువారీ పనిలో ఉంటుంది, ఇక తాళ్లతో కట్టేయడం లేదు. దాన్ని ఇక మీసాలాయనా ఆయన మనుషులూ చూసుకుంటారు.

"మరి నేనండీ?"

"పెద్దది ఇప్పుడు స్పేరు పంటు. దాన్ని మీరు చూసుకోండి. స్పేరు పంటును ఎలా చూసుకోకూడదో మీకంటే బాగా తెలిసినవాళ్లు నాకెక్కడ దొరుకుతారు?" ఆ మాట అంటూ మేనేజరమ్మ మొదటిసారి నవ్వింది.

అమ్మమ్మ బతకాలని మేస్త్రమ్మ అడిగింది, అది బతికింది. దాన్ని తనకే ఉంచమని అడగడానికి మొహం చెల్లలేదు. నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది.

ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నాక ముద్ద కలుపుతోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారుతున్నాయి. అత్తగారికి అమ్మమ్మ సంగతి మొదటి నుంచీ తెలుసు. కొంప మునిగిందనే అనుకుంది, తుక్కుకు ఇచ్చేశారా అని మెల్లగా అడిగింది.

"లేదత్తయ్యా. అమ్మమ్మకి ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున ఆరింటికి డ్యూటీ."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే."

"మరి మంచి కబురే కదే. ఏడుపు దేనికి?"

"నన్ను తీసుకెళ్లట్లేదు," అంది మేస్త్రమ్మ, వెక్కుతూ.

అత్తగారు కోడలి వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిమిరింది. నవ్వొస్తున్నా ఆపుకుంది. కూర ఇంకాస్త వడ్డించి, గిన్నె పక్కన పెట్టి, "తిను. ఆదివారం టికెట్ కొనుక్కుని ఎక్కుదాం, మనిద్దరం" అంది.