తిమిర్ గడ్డిబీడు

నవంబరులో సైబీరియాలోని లేనా నది గడ్డకట్టగానే ఊరంతా తాగునీటికి ఐసు దిమ్మలు కోసుకుంటుంది. కొత్త ఐసుతో మొదటి చాయ్ మాత్రం మాయీస్ ఇంట్లోనే. ఆమె భర్త తిమిర్ పెట్టిన ఆనవాయితీ అది. ఆయన పోయినా ఆవిడ దాన్ని వదల్లేదు, వదిలే మనిషీ కాదు.

ఈసారి మరిది ఎల్లెయ్ రంపం పట్టుకుని నసిగాడు. "వదినా, ఈ ఏడు చెరువుకి పోదామా? వేసవంతా నది బురదే కదా."

"మీ అన్న కోసిన చోటే కోస్తావా, రంపం నాకిచ్చి ఇంట్లో కూర్చుంటావా?"

ఎల్లెయ్ నదికి అట్టుముక్క పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ కోశాడు. అయినా తేటగా ఉండాల్సిన దిమ్మ బెల్లం రంగులో పైకొచ్చింది. ఎగువన ఎన్నడూ కరగని మంచునేల కరిగి, తిమిర్ గడ్డిబీడు జూలైలోనే నదిలోకి జారిపోయింది మరి. మాయీస్‌కి అది తెలుసు. తెలిసే మొండికేసింది.

సాయంత్రం ఇల్లు నిండింది. ఎల్లెయ్ కెటిల్ మూత తీసి చూశాడు.

"చాయ్ ఆకు అప్పుడే వేశావా వదినా?"

"ఇంకా లేదు."

"అయితే ఆకు ఆదా!"

అందరూ పగలబడి నవ్వారు. కప్పులు మాత్రం నోటిదాకా పోలేదు. పాలు పోసినా మట్టివాసన పోలేదు.

"మా ఇంట్లో చెరువు ఐసుంది, అందరూ రండి" అంది పక్కింటి ఒక్సానా, తీయగా. మాయీస్‌కి తల కొట్టేసినట్టయింది.

అప్పుడే ఫోన్ మోగింది. నది సముద్రంలో కలిసేచోట, తిక్సి రేవులో పనిచేసే కూతురు నార్యా.

"చాయ్ ఎలా కుదిరిందమ్మా?"

"మట్టిలా కుదిరింది."

"ఇక్కడా అంతే. వేసవిలో పడవెక్కి ఎంత దూరం పోయినా సముద్రం మట్టిరంగే. పైనుంచి కొట్టుకొచ్చిన నది గట్లేనట. నాన్న బీడు కూడా వచ్చే ఉంటుంది."

మాయీస్ చేతిలో గరిటె ఆగిపోయింది. సముద్రం చూద్దువు రా నాన్నా అని నార్యా ఏటా పిలిచేది. గడ్డి కోత అయిపోనీ, వస్తానని తిమిర్ ఏటా అనేవాడు. ఆ కోత ఎన్నడూ తెమల్లేదు.

"ఎల్లెయ్, రేపు చెరువులో కొయ్యి" అంది ఆవిడ, ఒక్సానా వైపు చూస్తూ. "మొదటి చాయ్ రేపు. ఇక్కడే."

"మరి ఈ దిమ్మలు?"

మాయీస్ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

"తీసుకెళ్ళి నది మీదే పెట్టెయ్. మీ అన్న ఇన్నాళ్ళకి సముద్రానికి బయల్దేరాడు. దారిలో నేనే ఆపేశాను."