ఆ గెలుపు ఏ కోచ్‌ది

మా నెబ్రాస్కా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పక్క ఊరి కాలేజీని ఓడించింది ఒక్కసారే. ఆ రోజు హెడ్ కోచ్ హేవర్‌క్యాంప్‌ను రిఫరీ సగం ఆటలో బయటికి పంపేస్తే, మిగతా ఆటను సహాయకుడు ట్వెట్ నడిపించాడు. తర్వాత హెడ్ కోచ్ కూడా అయ్యాడు. ఆ గెలుపు నాదంటే నాదని ఇద్దరూ ముప్పై ఏళ్లు వాదులాడుకున్నారు.

మొన్న మాజీ కోచ్‌ల విందులో మళ్లీ మొదలుపెట్టారు. ఆఖరి బంతి బుట్టలో వేసి గెలిపించిన పొకోర్నీనే తీర్పు చెప్పమన్నారు.

పొకోర్నీ మొక్కజొన్న కండె పక్కన పెట్టాడు. "ఏం చెప్పమంటారు సార్? హేవర్‌క్యాంప్ సార్ తలుపు దగ్గర్నుంచి, ట్వెట్ సార్ బెంచీ మీంచి, ఇద్దరూ వెయ్యొద్దురా అనే అరిచారు."

కోచ్‌లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అంత దూరం నుంచి వెయ్యకూడదు మరి," అన్నాడు హేవర్‌క్యాంప్.

"నేనూ అదేగా చెప్పింది," అన్నాడు ట్వెట్.

ఐస్‌క్రీం వచ్చేదాకా ఇద్దరూ కలిసి పొకోర్నీకి క్లాసు పీకారు.