ఇల్లు కదిలేటప్పుడు

కొడుకు ప్రవీణ్ ఫోన్లో "బండి బాడుగకు మాట్లాడినా నాయనా, ఇల్లు మాదిరి ఉంటాది" అన్నప్పుడు నాగరాజు పెద్దగా పట్టించుకోలేదు. ఏదో పెద్ద వ్యాను అనుకున్నాడు. తీరా ఆ ఆదివారం పొద్దున బండి హిందూపురం నుంచి పరిగి దాటి, వాళ్ళ ఊళ్ళోకి వచ్చి ఇంటి ముందు నిలబడితే, లోపలికి తొంగి చూసి, చెప్పులు బయట విడిచి ఎక్కాడు. విడవమని ఎవరూ చెప్పలేదు. ఇంట్లోకి పోతున్నట్టే అనిపించి కాళ్ళు వాటంతటవే విడిచేశాయి.

లోపల వంటగట్టు ఉంది. గ్యాసు పొయ్యి ఉంది. పక్కనే కొళాయి. నాగరాజు తిప్పి చూశాడు, నీళ్ళు వచ్చాయి. కట్టేసి మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వచ్చాయి. ఫ్రిజ్జు తెరిచి చెయ్యి లోపల పెట్టి చల్లదనం చూసుకున్నాడు. వెనకవైపు గోడనుంచి గోడదాకా మంచం, దాని మీద మందపాటి పరుపు. ఒక చిన్న తలుపు లాగితే స్నానాలగది, లోపల కుర్చీలాగా కూర్చునే మరుగుదొడ్డి. అరవై ఏళ్ళ వయసులో ట్రాక్టర్లు, లారీలు, బోర్లు వేసే బండ్లు ఎన్నో చూసిన మనిషి, ఆ తలుపు పట్టుకొని చాలాసేపు అట్లే నిలబడ్డాడు.

"ఇంగ ఇల్లు కట్టుకునే పనేముండాది అన్నా, దీంట్లోనే కాపురం పెట్టేయొచ్చు" అంది వాకిట్లోంచి చూస్తున్న ఎదురింటి యల్లక్క.

ఇదంతా మునెమ్మ కోసం. మోకాళ్ళు అరిగిపోయి నాగరాజు భార్య కొన్నేళ్ళుగా దూరప్రయాణం మాటే ఎత్తడంలేదు. దారిలో ఎక్కడైనా దిగాల్సి వస్తే ఆమె కింద కూర్చోలేదు. ఆ ఒక్క ఇబ్బందికే పెళ్ళిళ్ళు మానుకుంది, తిరునాళ్ళు మానుకుంది. తమ చేల పక్కన సన్నగా పారే పెన్న గండికోట దగ్గర కొండను నిలువునా కోసుకొని పోతుందని ఎవరో చెప్పగా విని, ఒక్కసారి చూస్తే బాగుండునని మాత్రం అప్పుడప్పుడూ అంటుండేది. ఆ మాట కొడుకు మనసులో పెట్టుకున్నాడు. హిందూపురంలో ఉద్యోగం చేసుకునే ప్రవీణ్, అతని భార్య రంజిత, ఇంకా మూడేళ్ళు నిండని కూతురు ధరణి ఆ బండిలోనే వచ్చారు. పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి, అక్కడ రంజిత తల్లిని ఎక్కించుకొని గండికోట పోవాలన్నది ఏర్పాటు.

బండి నడిపేది వనిత. హిందూపురం మనిషే, నలభై దాటి ఉంటాయి. బండి కూడా ఆమెదే. సామాను ఎక్కించడం అయ్యాక అందరినీ లోపలికి పిలిచి నిలబెట్టి చెప్పింది.

"బండి నిలబడినంతసేపూ ఇది ఇల్లు. వండుకోండి, పండుకోండి, మీ ఇష్టం. కదిలిందంటే మాత్రం ఇల్లు కాదు. ఎవరి సీట్లో వాళ్ళు కూర్చొని బెల్టు వేసుకోవల్ల. మంచం మీద ఎవరూ పండుకోకూడదు. పొయ్యి కాడికి లేసి పోకూడదు. పాపకు వేరే సీటు బిగించినాను, పాప దాంట్లోనే ఉండల్ల."

"పండుకోకూడదంటే పరుపు ఎందుకమ్మా మరి?" అంది మునెమ్మ.

"ఆగినాక పండుకునేకి పెద్దమ్మా. నీకు కాళ్ళు నొస్తే చెప్పు, యాడంటే ఆడ ఆపుతాను."

ప్రవీణ్ ముందు, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అతని వెనక నడవాకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. కుడివైపు వరుసలో పెద్ద సీటుకు బిగించిన చిన్న సీట్లో ధరణి, పక్కన రంజిత. ఎడమవైపు వరుసలో మునెమ్మ, నడవా పక్కన నాగరాజు. వాళ్ళిద్దరి ముందు భోజనాల బల్ల. ధరణి రెండు భుజాల మీదుగా, నడుము పక్కలనుంచి, కాళ్ళ మధ్యనుంచి పట్టీలు వచ్చి పొట్ట దగ్గర ఒక్క బిళ్ళలో కలుసుకున్నాయి. మనవరాలిని అట్లా కట్టేసి కూర్చోబెట్టడం నాగరాజుకు కంటికి నచ్చలేదు.

ఊరు దాటి కాస్త దూరం పోయారో లేదో ధరణి ఏడుపు మొదలుపెట్టింది. తాత వైపు రెండు చేతులూ చాచింది. నాగరాజు కూడా చేతులు చాచాడు.

"ఇట్లియ్యమ్మా పాపను. నా ఒళ్ళో ఉంటే ఊరుకుంటాది."

"వద్దు మామా" అంది రంజిత.

పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ పిల్ల మామ మాటకు ఎదురు చెప్పింది లేదు. నాగరాజు చాచిన చేతులు అట్లే ఉండిపోయాయి. ఊళ్ళో ఆ చేతులకు పేరుంది. ఈ వయసులోనూ వేరుసెనగ మూట ఇంకొకరి సాయం లేకుండా భుజానికి ఎత్తుకుంటాడు. ప్రవీణ్‌ను చిన్నప్పుడు ఒక చేత్తో ఒడిసిపట్టుకొని ఇంకో చేత్తో ట్రాక్టరు నడిపినవాడు.

"ఈ చేతుల్లోనుంచి జారిపోతాదనా?"

"అట్లని కాదు మామా. బండి ఆగినాక ఎత్తుకోండి." రంజిత చెయ్యి బిళ్ళ మీదికి పోలేదు. చేతికున్న గాజు తీసి పాపకిచ్చింది. కొంతసేపటికి ధరణి ఊరుకుంది.

నాగరాజు చేతులు కట్టుకొని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కేటప్పుడు వెనక ఏదో దొర్లి ఫ్రిజ్జుకు కొట్టుకున్న చప్పుడయింది. వియ్యంకుల ఇంటికని తోటలోంచి తెచ్చిన పుచ్చకాయల్లో ఒకటి మంచం కిందనుంచి బయటికి వచ్చింది. వనిత బండి పక్కకు తీసి ఆపింది. కాయలను అలమారలో పెట్టి గడియ వేయమంది. రెండు పట్టాయి. మూడోది, అన్నిటికన్నా పెద్దది, పట్టలేదు.

"స్నానాలగదిలో పెట్టి తలుపేయ్ పెద్నాయనా."

"నా దగ్గర ఉంటాదిలే, నువ్వు పోనియ్యమ్మా" అన్నాడు నాగరాజు. కాయను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ధరణి కన్నా కాస్త తక్కువ బరువు ఉంటుందేమో. బెల్టు కాయ మీదుగా రావడం లేదు, కింద నుంచి వేసుకుంటే పొట్ట మీద ఒత్తుతోంది. బండి కదిలాక బెల్టు ఊడదీసేసి, రెండు చేతులూ కాయ చుట్టూ వేసి, వేళ్ళలో వేళ్ళు బిగించాడు. మునెమ్మ చూసి బెల్టు వైపు వేలు చూపించింది, ఆయన తల అడ్డంగా ఊపాడు.

రోడ్డు నున్నగా ఉంది. దూరంగా పెనుకొండ కొండ కనబడుతోంది. డివైడరు మీద గన్నేరు చెట్లు ఒత్తుగా పెరిగి ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఒక పొట్టేలు బయటికి దూకింది. దాని వెనక ఇంకొకటి.

వనిత బ్రేకు తొక్కింది.

వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టయింది నాగరాజుకు. కాళ్ళు నేలకు తన్నిపెట్టాడు. అవి ఎవరివో కాళ్ళయినట్టు జారిపోయాయి. ఒళ్ళంతా సీటు మీదనుంచి లేచి ముందుకు పోయింది. పోతూపోతూ కంటి కొసన పక్క వరుస కనబడింది. ధరణి తల ముందుకు వాలింది, భుజాల మీది పట్టీలు బిగిశాయి, పిల్ల మళ్ళీ వెనక్కి వచ్చి సీటుకు ఆనింది. ఆ లోపలే నాగరాజు రొమ్ము బల్ల అంచుకు పోయి పడింది. లోపల ఏదో పటుక్కుమంది. ఎముకేమో అనుకున్నాడు.

బండి ఆగింది. పొట్టేళ్ళు తమ దారిన తాము రోడ్డు దాటి పోయాయి.

నాగరాజు కిందికి చూసుకున్నాడు. చేతులు వదలలేదు. ఎట్లా బిగించాడో అట్లే ఉన్నాయి, ఒక్క వేలు కూడా సడలలేదు. పగిలింది ఎముక కాదు, కాయ. ఆ చేతుల మధ్యనే, బల్లకూ తన రొమ్ముకూ నడుమ నలిగి రెండు చెక్కలైంది. ఎర్రటి రసం చొక్కా మీదుగా, పంచె మీదుగా కారి కాళ్ళ దగ్గర మడుగు కడుతోంది.

రంజిత ఒక చెయ్యి కూతురి పొట్ట మీద పెట్టి, ఆ ఎరుపు వైపే చూస్తోంది. ప్రవీణ్ సీటు పట్టుకొని వెనక్కి తిరిగి తండ్రి చొక్కా వైపు చూశాడు.

"తాతా, కాయ పగిలిపాయ" అంది ధరణి.

వనిత బండిని పక్కకు తీసి వెనక్కి వచ్చింది. "దెబ్బ యాడన్నా తగిలిందా పెద్నాయనా? ఊపిరి బాగా ఆడతాందా?" అని మాత్రం అడిగింది. రొమ్ము నొప్పిగా ఉంది, అంతకుమించి ఏమీ కాలేదు. నాగరాజు చేతుల్లో ఉన్న చెక్కలను బల్ల మీద పెట్టాడు. పెట్టి, కోడలి వైపు తిరిగాడు.

"నేనడిగితే నువ్వు ఇయ్యకపోతివి చూడు. మంచిపని చేస్తివమ్మా."

రంజిత తల వంచుకొని ఏడ్చింది.

పెనుకొండలో కొండ కింద, టీ అంగడి పక్కన బండి ఆపారు. నాగరాజు చొక్కా, పంచె మార్చుకున్నాడు. తక్కినవాళ్ళు దిగారు గానీ ఆయన, మునెమ్మ దిగలేదు. మునెమ్మ కాళ్ళు చాపుకొని పరుపు మీద ఒరిగింది. నాగరాజు తన సీట్లో కూర్చొని బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. మూడు వేళ్ళ వెడల్పు లేదు. మెల్లగా లాగాడు, ఎంత లాగితే అంత వచ్చింది. గట్టిగా గుంజాడు, నిలబడిపోయింది. వదిలి, మళ్ళీ మెల్లగా లాగాడు, వచ్చింది. కాలు సీటుకు తన్నిపెట్టి, మూటలెత్తే బలమంతా పెట్టి ఒక్కసారిగా గుంజాడు. అంగుళం కదల్లేదు. గోడలోపల ఎవరో కూర్చొని ఆయన చేతి పోకడ కనిపెడుతున్నట్టుంది.

"చూస్తివా" అన్నాడు భార్యతో. "మర్యాదగా అడిగితే ఇస్తాది. దౌర్జన్యం చేస్తే పట్టుకుంటాది. దీనికి తెలుస్తాది."

"ఎంతసేపు గుంజుతావు, తెగ్గొట్టేస్తావా ఏమి?"

"తెగదు. అదే చూస్తాండా."

లేచి పోయి మనవరాలి సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టీలన్నీ ఒక్కొక్కటిగా పట్టుకొని, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో వెనకదాకా వేలితో తడిమి చూశాడు. పట్టీలు చిన్న సీటును పట్టుకున్నాయి, చిన్న సీటు పెద్ద సీటును పట్టుకుంది, పెద్ద సీటు అడుగున ఉక్కు బోల్టులతో బండినే పట్టుకుంది. పిల్లను పట్టుకున్నది పట్టీ కాదు, ఇంత పెద్ద బండి.

"మునీ, నేను వదల్లేదు తెలుసునా" అన్నాడు అక్కడినుంచే. "అదే నాకు అర్థమయితాలేదు. జారిపోయి ఉంటే సరే, ముసలోణ్ణి అయితిని, పట్టు తగ్గిపాయ అనుకుందును. గట్టిగానే పట్టుకున్నా. పట్టుకొని నేనే నలిపేస్తి."

మునెమ్మ పరుపు మీద లేచి కూర్చుంది. "మన కాలంలో ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఇద్దరు, తొట్టెలో ఊరంతా. మోటారు సైకిలు ట్యాంకు మీద మన ప్రవీణ్ నిద్రపోతాండె. ఇదే కొండకాడికి ఎన్నిసార్లు రాలేదు మనం."

"అదే. ఎట్లా బతికి ఇంటికి పోయినామో. ప్రతిసారీ పోయినాము."

కిటికీలోంచి ఇద్దరూ కొండ వైపు చూశారు. గుండ్ల మీదుగా పాకిపోయిన పాత కోటగోడ మీద ఎండ పడుతోంది. కింద రోడ్డు మీద ఒక మోపెడ్ పోయింది, ముందు ఒక బిడ్డ, వెనక తల్లి ఒళ్ళో ఇంకో బిడ్డ. అది మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నాగరాజు చూస్తూనే ఉన్నాడు.

ధర్మవరంలో మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రంజిత తల్లి లక్ష్మీదేవి కొత్త చీర కట్టుకొని, చేతిసంచి పట్టుకొని బండెక్కింది. నాగరాజు పొద్దున చేసినట్టే ఆమె కూడా కొళాయి తిప్పి చూసి, పరుపు నొక్కి చూసి, "ఇంద్రలోకం మాదిరి ఉండాదే" అంది. రంజిత ముందు సీట్లోకి పోయింది, ప్రవీణ్ వెనక అడ్డబల్ల మీద కూర్చోబోతే వనిత చూసింది. అది ఆగినప్పుడు కూర్చునే బల్ల, దానికి బెల్టు లేదు. బెల్టు ఉన్న సీట్లు లెక్కకు ఒకటి తక్కువ పడ్డాయి.

"నేను మామగారి కారులో వెనకాలే వస్తా" అన్నాడు ప్రవీణ్. ఎవరూ సర్దుకుందాం అనలేదు. నాగరాజు కూడా అనలేదు. "మెల్లగా రా. బెల్టు వేసుకో" అన్నాడు.

లక్ష్మీదేవి మనవరాలి పక్కన కూర్చొని ఆమెను ఎత్తుకోబోయింది. "ఇట్లా కట్టేసినారేమి బంగారును. నా ఒళ్ళోకి రా తల్లీ."

"ఆగినాక ఎత్తుకుందువులే వదినా" అన్నాడు నాగరాజు. "ఒక గంటకు ఆపుతారు. నీ దగ్గరే ఉండాది కదా."

లక్ష్మీదేవి ఆయన వైపు ఒకసారి చూసింది. చేతులు వెనక్కి తీసుకుంది.

బండి చెరువు పక్కగా పోయింది. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండి ఉంది. ఎత్తు మీద కూర్చున్నందుకు గట్టు అడ్డం రాలేదు. నీళ్ళు కనుచూపు మేర పరుచుకొని, ఎండకు వెండిరేకులాగా మెరుస్తున్నాయి. నాగరాజు ఈ దారిన ఎన్నోసార్లు వచ్చాడు. ఎప్పుడూ స్టీరింగు పట్టుకొనో, మూట పట్టుకొనో, పిల్లల్ని పట్టుకొనో. ఇప్పుడు ఆయన చేతుల్లో ఏమీ లేదు. రొమ్ము మీద బెల్టు ఉంది, నొప్పి ఉంది. చేతులు రెండూ తొడల మీద ఊరికే పడి ఉన్నాయి.

ధరణి నిద్రపోయింది. బండి గతుకు ఎక్కినప్పుడల్లా ఆమె తల కొద్దిగా ఊగుతోంది, పట్టీలు ఆమెతోపాటు ఊగి మళ్ళీ ఆమెను తమ దగ్గరికి తెచ్చుకుంటున్నాయి. నాగరాజు నీళ్ళను చూశాడు, పిల్లను చూశాడు. మునెమ్మ ఆయన భుజం తట్టి, ఇంకా ఎంత దూరమని అడిగింది. ఆయన ఇంకా ఆ పట్టీలనే చూస్తున్నాడు.