రెండో కొస

దిమ్మిస ఎత్తి వేసినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా అదురుతోంది. ఆ కిటికీ లోపలే మంచం మీద భార్య పడుకుని ఉంది. మెల్లగా కొడదామనుకున్నాడు మేస్త్రి, కానీ మెల్లగా కొడితే మట్టి అణగదు. పెరట్లో పైమట్టి తీసేసి, కంకర పరిచి, చుట్టూ చెక్కలు బిగించడం అయింది. రేపు పొద్దున్నే మిక్సరు లారీ వస్తుంది, కాంక్రీటు పోసెయ్యాలి. ఇక చెక్కల మీద మట్టం చూసి గీతలు గియ్యడం ఒక్కటే మిగిలింది.

తోటి పనివాళ్లు అతన్ని మట్టం మేస్త్రి అంటారు. ఎవరెంత తొందరపెట్టినా మట్టం సరిచూసుకోకుండా కాంక్రీటు పొయ్యనివ్వడు. అంతకు మించి అతని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎవరితోనూ గొడవ పడలేదు, పెద్దగా పైకీ రాలేదు. మోకాళ్లు అరిగాయి, సిమెంటుకి అరచేతులు పగిలాయి. ఎవరెవరి ఇళ్లకో వరండాలు పోశాడు, మెట్లు కట్టాడు. సొంత పెరడు మాత్రం వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. "కాస్త గచ్చు పొయ్యవయ్యా, కుర్చీ వేసుకుని కూర్చుంటాను" అని భార్య ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ఇదిగో అదిగో అంటూ వచ్చాడు. మనింటి పని ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

ఇప్పుడామె నడవలేదు. ఇక మందులు అనవసరమని, ఇంటికి తీసుకెళ్లి ఆవిడ ఏదడిగితే అది పెట్టమని డాక్టరు చెప్పాడు. ఆమె తిండి అడగలేదు. పెరట్లో ఎండకి కూర్చోబెట్టమంది. చక్రాల కుర్చీ తెచ్చి దింపబోతే ముందు చక్రాలు మెత్తటి మట్టిలో దిగబడిపోయాయి. పోనీ ఎత్తుకుందామని చేతులు వేస్తే నొప్పికి పళ్లు బిగబట్టింది. ఆ సాయంత్రమే మేస్త్రి పార పట్టాడు.

కాంక్రీటు గట్టిపడి చక్రాల బరువు మొయ్యడానికి ఎన్నాళ్లు పడుతుందో అతనికి తెలుసు. ఆమెకు అన్నాళ్లు లేవనీ తెలుసు. తెలిసే తవ్వాడు. ఊరికే మంచం పక్కన కూర్చోలేకపోయాడు మరి.

మట్టం చూడడానికి ఇద్దరు కావాలి. లోపలి నీళ్లు పైకి కనిపించే పొడుగాటి ప్లాస్టిక్ పైపుకి చెరో కొస పట్టుకోవాలి. నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తున ఆగుతాయి. వంటింట్లో ఉన్న మరదల్ని కేకేశాడో లేదో కిటికీలోంచి భార్య గొంతు వినిపించింది.

"దానికి చేతకాదు గానీ, ఇలా తే."

"నీకెందుకే, చెయ్యి లాగుతుంది."

"పడుకుని పైపు పట్టుకోవడానికి బలమెందుకు? నాకూ ఓ పూట కూలి ఇద్దువుగాని."

లోపలికి వెళ్లి దిండు ఎత్తు చేశాడు. ఆమె మోచేతిని కిటికీ గట్టు మీద ఆనించాడు. కిటికీ చట్రం మీద పెన్సిలుతో గీత గీసి, పైపు కొసను దాని పక్కన పట్టుకోమన్నాడు. తను మూల మారేటప్పుడు నీళ్లు ఒలికిపోకుండా కొసను బొటనవేలితో మూయాలి, చెప్పగానే తియ్యాలి.

మొదటి మూల దగ్గర నీళ్లు కదల్లేదు.

"వేలు తియ్యవే."

"తీశాను."

"తీస్తే నీళ్లు కదలవూ?"

"అబ్బో, అంత దూరం నించి నా వేలు కూడా కనిపిస్తోందే. ఇన్నేళ్లూ ఎదురుగా ఉంటే కనిపించలేదు గానీ."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటికి గానీ ఆగలేదు. నీళ్లు ఊగి ఊగి నిలిచాయి. అక్కణ్ణించి టేపుతో కిందికి కొలిచి చెక్క మీద గీత గీశాడు.

రెండో మూల దగ్గర ఆమే అడిగింది. "వాలు పెడుతున్నావా?"

"వేలెడు. వాన నీళ్లు పోవద్దూ?"

"నా కుర్చీ జారిపోతుందేమో."

"జారదు. వెనక నేను పట్టుకుంటాగా."

"ఎప్పటికి ఆరుతుందయ్యా?" అంది.

"తొందరగానే."

"అబద్ధమాడడం నీకెప్పుడూ చేతకాదు. సరేలే, పొయ్యి. నేను కూర్చోకపోతే నువ్వే కూర్చుందువుగాని."

మేస్త్రి చొక్కా చేతితో మొహం తుడుచుకుని మూడో మూలకి వెళ్లాడు. అక్కడ అతనేమన్నా ఆమె "ఊఁ" అని మాత్రం అంది.

నాలుగో మూల అన్నిటికన్నా దూరం. చెక్క పక్కన పైపు కొస ఎత్తి పట్టుకుని, "వేలు తియ్యి" అన్నాడు. జవాబు రాలేదు కానీ నీళ్లు కదిలాయి. నిలిచేదాకా చూద్దామని పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు నిలవలేదు, దిగుతున్నాయి.

"వేలు పెట్టవే, నీళ్లు పోతున్నాయి."

నీళ్లు అతని పిడికిలి దాటాయి, ఇంకా దిగాయి. వాటితోపాటే అతనూ వంగాడు. చివరికి కంకర మీద చెంప ఆనించి చూడాల్సి వచ్చింది. ఇటు నీళ్లు ఇంత దిగాయంటే అటు కొస ఎక్కడికి జారిందో అతనికి లోపలికి వెళ్లి చూడక్కర్లేదు. అయినా నీళ్లు ఆగేదాకా పైపు వదల్లేదు. వదిలితే అది నిజమైపోతుందని భయం వేసింది.

మరదలు కిటికీ దగ్గరికొచ్చింది. "బావా, లోపలికి రా" అంది.

మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడుతోంది. పైపు కొస నేల మీద ఉంది, దాని చుట్టూ కాసిని నీళ్లు. మేస్త్రి ఆ చెయ్యి ఎత్తి పక్క మీద పెట్టి, తడిసిన వేళ్లు ఒక్కొక్కటీ చొక్కా అంచుతో తుడిచాడు. తర్వాత పైపు కొస కూడా తుడిచి కిటికీలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు.

మర్నాడు మిక్సరు చెప్పిన వేళకే వచ్చింది. వాకిట్లో జనాన్ని చూసి డ్రైవరు ఇంజను ఆపేసి, తటపటాయిస్తూ పెరట్లోకి వచ్చాడు.

"పొయ్యమంటావా అన్నా, వెనక్కి తీసుకెళ్లనా?"

"నాలుగో మూల మట్టం చూడలేదు" అన్నాడు మేస్త్రి.

"దానిదేముంది, ఇప్పుడు చూద్దాం. ఆ కొస నేను పడతాను."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "వద్దు తమ్ముడూ. పట్టుకునే మనిషి పోయింది."

మిక్సరు నిండుగానే వెనక్కి తిరిగి వెళ్లింది. పెరట్లో పైపు నాలుగో మూల నుంచి కంకర మీదుగా కిటికీ దాకా అలాగే పడి ఉంది. దాని రెండో కొస చట్రం మీది పెన్సిలు గీతకి ఆనుకునే ఉంది, ఖాళీగా.