మంగంపేట చేరని కారు

తాడిపత్రి బస్టాండు ఎదుట బావ టీకని దిగిన నిమిషంలోనే, సీటు కిందికి జారిన చెప్పు కోసం చెయ్యి పెట్టిన రత్నమణికి, తొమ్మిది రోజులుగా కనబడకుండా పోయిన మొగుడి ఫోను దొరికింది.

అనుమానమే లేదు. కవరు లోపల కూతురు జెస్సీ బడి ఫొటో ఉంది.

ఆమె మొగుడు యేసుప్రసాద్ మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పరు తోలుతాడు. తొమ్మిది రోజుల కిందట, శుక్రవారం పొద్దున, ఇదే ఫోనులో ఆమెతో మాట్లాడాడు. ఆ సాయంత్రం నుంచి జాడ లేదు. అతణ్ణి వెతకడానికి ఆమెను ఆలూరు నుంచి కారులో తీసుకుపోతున్నది అతని అన్న ఏసేపు. ఊళ్ళో చర్చికి సంఘపెద్ద. కారు ఆయనదే. మంగంపేట మొగం చూసి ఏడాదయిందని ఈ పొద్దున బయల్దేరేటప్పుడు కూడా అన్నాడు.

మరి ఈ ఫోను ఈ కారులోకి ఎట్లా వచ్చింది?

కిటికీలోంచి టీ అంగడి వాడి గొంతు వినిపించింది. "ఏమప్పా, ఇంటామెతో కొట్లాడినావా? ఆమె కార్లో, నువ్వు రోడ్డు మింద!"

"ఇంటామె కాదప్పా. మా తమ్ముని పెండ్లాం."

"అట్లనా! తమ్ముడేడి మరి?"

"వాని కోసమే పోతాండాం," అన్నాడు ఏసేపు, టీ ఊదుకుంటూ.

రత్నమణి ఫోనును బైబిలు సంచిలో అడుక్కి తోసింది. బావ అందించిన టీ తాగింది. నాలుక కాలినా తెలియలేదు.

పులివెందుల దాటారు. అరటితోటలు వెనకబడి ఎర్రటి బీడు మొదలైంది. ఏసేపు అద్దంలోంచి ఒకసారి చూశాడు.

"కడప దాటినంక పెద్ద రోడ్డు వద్దు రత్నా. గనుల ఎనకాల పాత గుంతలు ఉండాయి. ముందు ఆడికి పోదాం."

"ఆ దోవ నీకెట్లా తెలుసు బావా?"

"ఎవరో చెప్పినార్లే."

"ఆడ మనుషులుంటారా?"

"ఆదివారం పూట ఎవరుంటారు?"

ఆమె తన ఫోను తీసింది. కారు నెమ్మదించింది.

"ఎవరికి చేస్తాండావు?"

"జెస్సీకి."

"పెట్టెయ్. ఆ మాటలకు నాకు తలకాయ నొస్తాది."

పెట్టేసింది. ఆదివారం. ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు. ఆరాధన వదులుకొని ఆదివారమే బయల్దేరదామన్నది ఈ మనిషే. పాతికేళ్ళలో ఒక్క ఆదివారం చర్చి మానని మనిషి. తమ్ముడి మీద ప్రేమ అనుకుంది. కిందటి ఆదివారం నెలలో మొదటిది, ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. రొట్టె పళ్ళెం మోసింది ఏసేపే. అందరికీ ఇచ్చాడు, తను మాత్రం తీసుకోలేదు. కడుపులో బాగాలేదన్నాడు. పాపం దాచుకొని ఆ రొట్టె నోట పెట్టుకుంటే ప్రాణాల మీదికొస్తుందని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. ఏసేపు అయితే ఆ మాట సంఘంలో నిలబడి పదిమందికీ చెప్పేవాడు.

తన మొగుడు బతికి ఉన్నాడా లేడా? అడిగితే ఈ మనిషి చెప్పడు. పాత గుంతల దాకా పోతే తనకు అడిగే నోరే మిగలదేమో.

వేంపల్లె వచ్చింది. బజారులో ఎద్దుల బండి అడ్డమై కారు ఆగింది. పక్క సందులోంచి మైకులో పాట వినిపిస్తోంది.

"బావా, కడుపులో తిప్పుతాంది," అంటూనే ఆమె తలుపు తీసుకొని దిగింది. సంచి చంకన పెట్టుకొని, వెనక్కి చూడకుండా ఆ పాట వైపు నడిచింది.

"రత్నా! యాడికి? రత్నా!"

రేకుల కప్పు కింద యాభై మంది దాకా చాపల మీద కూర్చున్నారు. ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల. ఆ చర్చి పాస్టరు అయ్యగారు రెండూళ్ళకు ఒక్కడే. మొదటి ఆదివారం ఇంకో ఊళ్ళో బల్ల ఇస్తే, రెండో ఆదివారం ఇక్కడ. చేతిలో పళ్ళెం పట్టుకొని అప్పుడే లేచాడు. రత్నమణి నడుమ దారిలో నిలబడిపోయింది. వెనకే ఏసేపు వచ్చి గుమ్మంలో ఆగాడు. చెప్పులు విడిచాడు. ఎక్కడున్నా ఆ అలవాటు పోదు.

"అయ్యగారూ, మాది ఆలూరు తట్టు," అంది. "నా మొగుడు కనబడక తొమ్మిది దినాలాయ. వెతుక్కుంటా పోతాండాం. ఆయప్ప మా బావ, సంఘపెద్ద. ముందు ఆయప్ప రొట్టె తీసుకొని, తమ్ముని కోసం ప్రార్థన చెయ్యల్ల. ఆ తర్వాతే నేను తీసుకుంటా."

"అట్లే కానీమ్మా," అన్నాడు అయ్యగారు. "రాప్పా పెద్దాయనా."

చాపల మీది తలలన్నీ తిరిగాయి. ఒక ముసలామె జరిగి దోవ ఇచ్చింది. ఏసేపు నాలుగడుగులు వేశాడు. పళ్ళెం ఎదురుగా వచ్చింది. కుడిచెయ్యి లేచి సగంలో ఆగింది.

"తీసుకో బావా," అంది రత్నమణి. కళ్ళు ఆ చేతిని వదల్లేదు. "నీకూ నాకూ మధ్య దేవుడే సాక్షి. తీసుకో."

ఏసేపు చెయ్యి కిందికి వాలింది. చాప మీద మోకరించాడు.

"నాకియ్యద్దు అయ్యగారూ. ముట్టుకోను. వాడు లేడు రత్నా. మా ఇద్దరి చేన్లకూ ఒకటే బోరు. అది వాని సగంలో ఉండాది. చేను అమ్మేసి నిన్నూ బిడ్డనూ మంగంపేటకు పిల్చకపోతానన్నాడు. కొనేటోడు నాకు నీళ్ళిస్తాడా? మూడెకరాల మిరప నాది. అమ్మద్దురా అని కాళ్ళు పట్టుకునేకే పోయినా, నిజంగా అందుకే పోయినా. కార్లో కూర్చోబెట్టుకొని పాత గుంతల కాడికి పిల్చకపోయినా. గట్టు మింద నిలబడి మాట్లాడినాం. వాడు నవ్వినాడు. ఎండితే ఎండనీలే అన్నా, అని అన్నాడు. ఒక్క తోపు తోసినా. గుంతలో నిండిన నీళ్ళలో పడినాడు. అన్నా అని రెండుసార్లు పిల్చినాడు. వానికి ఈత రాదని నాకు తెలుసు. నీళ్ళు కదలకుండా అయ్యేదాకా ఆడనే నిలబడినా. నిన్ను గూడా ఈ పొద్దు ఆ గట్టు కాడికే తీసకపోతాంటి రత్నా. చేను నీ పేరుకొస్తాది గదా. నువ్వూ పోతే బిడ్డా చేనూ నా చేతి కిందికే వస్తాయి."